పచ్చదీపాన్ని చూస్తున్నది ఎవరు? ‘ద గ్రేట్ గాట్స్‌బీ’ని విడమరిచి చదివే పద్ధతి

ఎం.ఏ. చదివే రోజుల్లో నా దగ్గర ఒక గైడు ఉండేది. అందులో ఈ నవలకు కేటాయించిన పేజీల్లో ఒక పట్టిక ఇచ్చారు: ఆకుపచ్చ అంటే ఆశ, పసుపు అంటే ధనం, తెలుపు అంటే స్వచ్ఛత, బూడిదరంగు అంటే పతనం. పరీక్ష ముందు రోజు రాత్రి దాన్ని బట్టీ పట్టాను. మార్కులు వచ్చాయి, నవల మాత్రం రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదువుతుంటే ఏడో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. గరాజు నడిపే జార్జ్ విల్సన్ భార్య మర్టిల్‌ను గుద్ది, ఆగకుండా వెళ్లిపోయిన కారు ఏ రంగుదో మైకేలిస్‌కు సరిగ్గా తెలియదు. పక్కనే కాఫీ హోటల్ నడిపే మనిషి అతను. మొదట వచ్చిన పోలీసుకు లేత ఆకుపచ్చ అని చెబుతాడు. అదే కారును నాలుగో అధ్యాయంలో కథకుడు మీగడ రంగు అన్నాడు. ప్రమాదాన్ని చూసిన మరో మనిషి పసుపు అంటాడు. కారు ఒకటే, చూసినవాళ్లు ముగ్గురు, రంగులు మూడు. నా పట్టిక ప్రకారం ఆ కారు ఆశా, ధనమా?

ఆ రోజు నుంచి ఈ నవలను వేరే ప్రశ్నతో చదవడం మొదలుపెట్టాను. ‘ఇది దేనికి ప్రతీక’ అని అడగడం మానేశాను. దీన్ని ఎవరు చూస్తున్నారు, ఎప్పుడు చూస్తున్నారు, ఏ అవసరంతో చూస్తున్నారు అని అడుగుతున్నాను. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నను వాడే పద్ధతి గురించే. కథ చివరిదాకా చెప్పేస్తాను కనుక, ఇంకా చదవనివారు ముందు నవల పూర్తిచేసి రండి. తొమ్మిది అధ్యాయాల చిన్న పుస్తకం, రెండు సాయంత్రాలు చాలు. అమెరికాలో 2021 జనవరి 1తో దాని కాపీహక్కు తీరిపోయింది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మొదటి మెట్టు: కథను తేదీల వరుసలో పెట్టుకోండి

మొదటిసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకోవద్దు. రెండోసారి మాత్రం ఒక తెల్ల కాగితం మీద అడ్డంగా గీత గీసి, నవలలో తేదీ కనిపించిన ప్రతిచోటా గుర్తు పెట్టండి. రచయిత ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ ఇలాంటి గుర్తులు బాగానే వదిలాడు. గాట్స్‌బీ విందులకు వచ్చినవారి పేర్లను కథకుడు నిక్ కారవే ఒక పాత రైళ్ల టైంటేబుల్ అంచుల్లో రాసుకుంటాడు. ఆ టైంటేబుల్ 1922 జూలై 5 నుంచి అమల్లోకి వచ్చినది. అంటే అసలు కథ 1922 వేసవిలో జరుగుతోంది.

గీత మీద పడే మిగతా గుర్తులు ఇవి. 1906 సెప్టెంబరు 12న జిమ్మీ గాట్జ్ అనే కుర్రవాడు తన పుస్తకం అట్ట వెనుక దినచర్య రాసుకుంటాడు. పదిహేడేళ్ల వయసులో సుపీరియర్ సరస్సు ఒడ్డున డాన్ కోడీ అనే కోటీశ్వరుడి పడవను చూసి, జే గాట్స్‌బీ అని పేరు మార్చుకుంటాడు. 1917 అక్టోబరులో, సైన్యంలో ఉండగా, లూయివిల్‌లో డైసీతో ప్రేమలో ఉంటాడు. 1919 జూన్‌లో డైసీ టామ్ బ్యుకానన్‌ను పెళ్లిచేసుకుంటుంది. 1922 వేసవి ముగిసేసరికి గాట్స్‌బీ చనిపోతాడు. ఇదంతా నిక్ సుమారు రెండేళ్ల తర్వాత కూర్చుని రాస్తున్నాడు.

ఇప్పుడు ఆ గీత కింద, ఏ సంగతి ఏ అధ్యాయంలో మనకు తెలుస్తుందో రాయండి. వరుస తారుమారవుతుంది. 1906 నాటి దినచర్య అన్నిటికంటే చివర, తొమ్మిదో అధ్యాయంలో, కొడుకు శవం చూడటానికి వచ్చిన తండ్రి హెన్రీ గాట్జ్ జేబులోంచి బయటికొస్తుంది. గాట్స్‌బీ మనకు మొదట పుకార్లుగా పరిచయమవుతాడు. ఎవరినో చంపాడంటారు, జర్మనీ గూఢచారి అంటారు. తర్వాత విందులిచ్చే పెద్దమనిషిగా, ఆ తర్వాత ప్రేమికుడిగా, అన్నిటికీ ఆఖరున పొద్దున్నే లేవాలని రాసుకున్న పిల్లవాడిగా కనిపిస్తాడు. జీవితం ముందుకు నడిచింది, కథనం వెనక్కి నడిచింది. గతాన్ని తిరగరాయగలనని నమ్మిన మనిషి కథకు ఇంతకంటే తగిన నిర్మాణం నాకు తోచడం లేదు.

గీత గీస్తే ఇంకో తమాషా బయటపడుతుంది. పెళ్లి 1919 జూన్‌లో అయింది, పాప మరుసటి ఏప్రిల్‌లో పుట్టింది. అయితే 1922 జూన్ నాటికి పాపకు రెండేళ్లు దాటి ఉండాలి. మొదటి అధ్యాయంలో డైసీ మూడేళ్లు అంటుంది. దీనిలో గూఢార్థం వెతికిన విద్యార్థులను నేను ఎరుగుదును. నా మటుకు అది రచయిత లెక్క తప్పడమే. కనిపించిన ప్రతి వింతా ప్రతీక కాదని ముందే తెలుసుకోవడం మంచిది.

రెండో మెట్టు: పటం గీయండి, ధరలు రాయండి

న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ తీరంలో, నీటిపాయకు అటూ ఇటూ రెండు ఊళ్లు. తూర్పున ఈస్ట్ ఎగ్, పడమర వెస్ట్ ఎగ్. పేర్లు కల్పితమే కానీ చోట్లు నిజమైనవి. ఫిట్జ్‌జెరాల్డ్ 1922 అక్టోబరు నుంచి 1924 వసంతం దాకా గ్రేట్ నెక్‌లో ఉన్నాడు, అదే వెస్ట్ ఎగ్ అయింది. ఈస్ట్ ఎగ్‌లో తాతల నాటి ఆస్తిపరులు ఉంటారు, వెస్ట్ ఎగ్‌ది నడమంత్రపు సిరి. మన భాషలో ఇంత చక్కటి మాట ఉండగా ‘కొత్త డబ్బు’ అని అనువదించుకోవలసిన పని లేదు. పైగా ‘నడమంత్రపు’లో ఉన్న ఈసడింపు, గాట్స్‌బీ ఇంటిని చూసినప్పుడు టామ్ కళ్లలో ఉండే ఈసడింపే.

ఈ రెండు ఊళ్లకూ నగరానికీ మధ్య బూడిద లోయ ఉంది. ఇదీ కల్పన కాదు. ఆ రోజుల్లో క్వీన్స్‌లోని కొరోనా దగ్గర నగరపు పొయ్యిల బూడిదను గుట్టలుగా పోసేవారు. తర్వాత ఆ నేలను చదునుచేసి 1939 ప్రపంచ ప్రదర్శన జరిపారు. ఈస్ట్ ఎగ్ నుంచి నగరానికి వెళ్లినా, వెస్ట్ ఎగ్ నుంచి వెళ్లినా ఈ లోయ దాటక తప్పదు. నవలలోని ముఖ్య ప్రయాణాలన్నీ ఆ దారినే సాగుతాయి. పటంలో వాటిని గీతలుగా గీసి చూడండి. గీతలన్నీ విల్సన్ గరాజు ముందు కలుస్తాయి. ప్రమాదం అక్కడ జరగడంలో ఆశ్చర్యమేముంది?

పటం పక్కనే ధరల పట్టిక వేయండి. నిక్ తన చిన్న ఇంటికి ఇచ్చే అద్దె నెలకు 80 డాలర్లు. పెళ్లి ముందు రోజు టామ్ డైసీకి ఇచ్చిన ముత్యాల హారం 3,50,000 డాలర్లు. ఆ హారం డబ్బుతో నిక్ ఇంటి అద్దె 360 ఏళ్లకు పైగా కట్టవచ్చు. కోడీ చనిపోతూ గాట్స్‌బీకి రాసిచ్చినది 25,000 డాలర్లు, అందులో ఒక్క డాలరూ అతని చేతికి రాలేదు. ఇలా అంకెలు ఎదురుగా పెట్టుకుంటే, ‘సంపద గురించిన నవల’ అనే వాడుకమాట కరిగిపోయి, ఎవరి సంపద, ఎలా వచ్చింది, ఎవరు ఎవరికి బాకీ అనే ప్రశ్నలు మిగులుతాయి.

గాట్స్‌బీ డబ్బు ఎక్కడిదో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉంది. జూదగాడు మయర్ వుల్ఫ్‌షైమ్‌తో కలిసి మందుల దుకాణాల ముసుగులో దొంగసారా అమ్మడం గాట్స్‌బీ వ్యాపారం. దొంగ బాండ్ల వ్యవహారం కూడా ఉందని చివర్లో వచ్చే ఒక ఫోన్ మాటల్లో తెలుస్తుంది. 1919 నాటి బేస్‌బాల్ ప్రపంచ సిరీస్‌ను డబ్బుతో కొన్నవాడు వుల్ఫ్‌షైమ్ అని నవల చెబుతుంది. ఈ పాత్రను 2013 సినిమాలో మన అమితాబ్ బచ్చన్ వేశారు. పుస్తకంలో మాత్రం అది యూదుల మీద ఆనాటి ఏవగింపుతో గీసిన వికార చిత్రమే, ఆ మాట దాచనక్కర్లేదు.

మూడో మెట్టు: కథకుడిని బోనులో నిలబెట్టండి

చాలామంది దాటేసే మెట్టు ఇది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. మనకు గాట్స్‌బీ గురించి తెలిసినదంతా నిక్ చెప్పినదే. అతను మంచి సాక్షేనా?

మొదటి పేజీలోనే నిక్ తన స్వభావం చెప్పుకుంటాడు: ఎవరి గురించీ తొందరపడి తీర్పు చెప్పనంటాడు. ఆ తర్వాత పేజీ పేజీకీ తీర్పులే. మూడో అధ్యాయం చివర, తనకు తెలిసిన కొద్దిమంది నిజాయితీపరుల్లో తాను ఒకడినని ప్రకటిస్తాడు. ఆ మాటకు కాస్త పైన చూడండి. ఊళ్లో ఒక అమ్మాయికి వారం వారం ప్రేమతో సంతకం చేసి ఉత్తరాలు రాస్తూనే, ఇక్కడ డైసీ స్నేహితురాలు జోర్డన్ బేకర్‌తో తిరుగుతున్నాడు. ఆ చిక్కు విప్పుకోవాలనుకుంటూ, ఆ వెంటనే తన నిజాయితీకి తానే కితాబు ఇచ్చుకుంటున్నాడు.

ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఎడమవైపు నిక్ తన గురించి చెప్పుకున్నది, కుడివైపు నిక్ చేసినది రాయండి. టామ్‌కు మర్టిల్‌తో సంబంధం ఉందని తెలిసీ సొంత బంధువైన డైసీ దగ్గర నోరు విప్పడు. గాట్స్‌బీ కోసం డైసీని తన ఇంటికి టీకి పిలుస్తాడు, భర్తను తీసుకురావద్దని కూడా చెబుతాడు. ప్రమాదం జరిగినప్పుడు కారు నడిపింది డైసీ అని తెలిసినా, విచారణలో ఆ సంగతి బయటపెట్టడు. చివర్లో టామ్ ఎదురైతే ముందు చేయి కలపడానికి నిరాకరించి, తర్వాత కలుపుతాడు. తొమ్మిదో అధ్యాయంలో జోర్డన్ అతన్ని నిలదీస్తుంది: నువ్వు ముక్కుసూటి మనిషివనుకుని పొరబడ్డానంటుంది. తనకు ముప్పై ఏళ్లు వచ్చాయనీ, తనకు తాను అబద్ధం చెప్పుకుని దాన్ని గౌరవమనుకునే వయసు దాటిపోయిందనీ అతను జవాబిస్తాడు. నవల మొత్తంలో నిక్ చెప్పిన అత్యంత నిజాయితీ గల మాట బహుశా అదే.

అలాగని నిక్‌ను అబద్ధాలకోరుగా కొట్టిపారేయకండి. అతను మోసగాడు కాదు, మోహంలో పడ్డవాడు. గాట్స్‌బీని పొగిడే వాక్యం చదివిన ప్రతిసారీ, ఇది జరిగిన సంగతా, రెండేళ్ల తర్వాత మిగిలిన మోహమా అని ఒక క్షణం ఆగి అడగండి.

నాలుగో మెట్టు: పాత్రల గుణాలు ఏకరువు పెట్టకండి

‘టామ్ అహంకారి, డైసీ చంచల, గాట్స్‌బీ ఆశావాది’ అని రాస్తే పాత్ర చిత్రణ కాదు, పెళ్లిచూపుల్లో చెప్పే మాటలవుతాయి. ప్రతి పాత్రకూ రెండు ప్రశ్నలు వేయండి: ఇతనికి ఏం కావాలి? దానికి మూల్యం ఎవరు చెల్లించారు?

టామ్‌ను తీసుకుందాం. మొదటి విందులోనే ‘ద రైజ్ ఆఫ్ ద కలర్డ్ ఎంపైర్స్’ అనే పుస్తకం చదివానని, తెల్లజాతి మునిగిపోబోతోందని ఆవేశపడతాడు. రాసినవాడి పేరు గొడ్డార్డ్ అంటాడు. ఇది లోత్రాప్ స్టోడార్డ్ 1920లో రాసిన ‘ద రైజింగ్ టైడ్ ఆఫ్ కలర్’ను పేరు మార్చి వాడటం. ఆ పుస్తకాన్ని వేసినవారు స్క్రిబ్నర్స్. గాట్స్‌బీ నవలను 1925 ఏప్రిల్ 10న అచ్చువేసింది కూడా వాళ్లే! టామ్ మాటలు ఒక మూర్ఖుడి వాగుడుగా కనిపిస్తాయి కానీ, ఆనాటి చట్టం కూడా అదే మాట్లాడుతోంది. భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ‘తెల్లవారు’ కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. మరుసటి ఏడాది, ఫిట్జ్‌జెరాల్డ్ ఫ్రాన్సులో కూర్చుని ఈ నవల రాస్తున్న సంవత్సరంలోనే, వలసలను బిగించే చట్టం వచ్చింది. మన పాఠకుడు టామ్‌ను చదివేటప్పుడు ఈ రెండు తేదీలు గుర్తుంచుకుంటే, ఆ భోజనాల బల్ల దగ్గర తనకు కుర్చీ ఉండేది కాదని అర్థమవుతుంది.

ఇదే టామ్, ఏడో అధ్యాయంలో ప్లాజా హోటల్ గదిలో భార్య చేజారిపోతోందని భయపడగానే మళ్లీ జాతి ప్రస్తావన తెస్తాడు. ఊరూ పేరూ లేనివాడు తన భార్యతో ప్రేమ సాగిస్తే ఊరుకోవాలా అని మొదలుపెట్టి, నల్లవారికీ తెల్లవారికీ పెళ్లిళ్ల దాకా వెళతాడు. గాట్స్‌బీ తెల్లవాడే కదా, అక్కడ జాతి మాట ఎందుకొచ్చింది? టామ్ బుర్రలో జాతి, వర్గం, భార్య మీద హక్కు ఒకే గోడ. అందులో ఒక ఇటుక కదిలితే అంతా కూలుతుందని అతని భయం.

డైసీ విషయంలో జాగ్రత్త. ఆమెను విలన్‌గా రాయడం సులువు. కారు నడిపింది ఆమె, ఆగకుండా పోయింది ఆమె, అంత్యక్రియలకు ఒక పువ్వయినా పంపనిది ఆమె. ఇవన్నీ నిజాలే. అయితే పెళ్లి ముందు రోజు సాయంత్రం ఏం జరిగిందో జోర్డన్ చెప్పిన ఘట్టం మళ్లీ చదవండి. ఒక చేతిలో మద్యం సీసా, ఇంకో చేతిలో ఉత్తరం. ఆ ముత్యాల హారాన్ని చెత్తబుట్టలోంచి తీసి, తిరిగి ఇచ్చేయండి, మనసు మారిందని చెప్పండి అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను చన్నీళ్ల తొట్టిలో కూర్చోబెడతారు. ఉత్తరం నీళ్లలో మంచులా విరిగిపోయేదాకా చేతిలోంచి వదలదు. అరగంటలో హారం మళ్లీ మెడలో ఉంది. మర్నాడు సాయంత్రం పెళ్లి జరిగిపోయింది. ఆ అరగంటలో ఆమె మనసులో ఏం నడిచిందో నవల చెప్పదు, ఎందుకంటే నిక్ అక్కడ లేడు, జోర్డన్ అడగలేదు. డైసీ గురించి రాసేటప్పుడు ఈ ఖాళీని ఖాళీగానే చూపించండి. ప్లాజా హోటల్లో గాట్స్‌బీ ఆమెను అడిగినది, టామ్‌ను ఎన్నడూ ప్రేమించలేదని చెప్పమని. మూడేళ్ల కాపురాన్ని చెరిపేయమని అడగడం అది. నువ్వు మరీ ఎక్కువ కోరుతున్నావు అంటుందామె. ఆ ఒక్క మాటలో నేను ఆమె పక్షమే.

గాట్స్‌బీకి డైసీ కావాలా, డైసీ కోసం తపించే గాట్స్‌బీగా ఉండటం కావాలా? నవల రెండో దానివైపు మొగ్గుతుందని నా అభిప్రాయం. దీనికి ఆధారం ఐదో మెట్టులో చూపిస్తాను.

విల్సన్ దంపతులను రెండు మాటల్లో ముగించేయకండి. మర్టిల్‌కు భర్త మీద విరక్తి ఎందుకు పుట్టింది? పెళ్లికి అతను వేసుకున్న సూటు అరువు తెచ్చుకున్నదని తెలిసి. టామ్ మీద మోజు ఎలా పుట్టింది? రైల్లో అతని మంచి సూటూ మెరిసే బూట్లూ చూసి. ఒక సూటు నుంచి ఇంకో సూటుకు సాగిన ప్రయాణం ఆమెది. ఎవరి గొప్పతనాన్ని కోరుకుందో ఆ ఇంటి ఇల్లాలు నడుపుతున్న కారు కిందే పడింది. జోర్డన్ గురించి ఇంతకంటే చెప్పాల్సినది తక్కువ. గోల్ఫ్ పోటీలో బంతి జరిపిందన్న పుకారు, ఎదుటివాళ్లు జాగ్రత్తగా ఉంటారు కనుక తాను అజాగ్రత్తగా కారు నడపవచ్చన్న తర్కం, ఈ రెండూ చాలు.

ఐదో మెట్టు: వస్తువు ఎన్నిసార్లు కనిపిస్తే అన్నిసార్లూ వెంబడించండి

ఒకసారి కనిపించినది వర్ణన. మళ్లీ మళ్లీ వచ్చి, వచ్చినప్పుడల్లా మారితే అది ప్రతీక. ఈ సూత్రాన్ని పచ్చదీపం మీద పరీక్షిద్దాం.

మొదటి అధ్యాయం చివర, చీకట్లో, గాట్స్‌బీ నీటివైపు చేతులు చాచి నిలబడతాడు. నిక్ అటు చూస్తే దూరాన చిన్న ఆకుపచ్చ దీపం తప్ప ఏమీ కనిపించదు. ఆ దీపం ఎవరిదో అప్పటికి నిక్‌కు తెలియదు, మనకూ తెలియదు. రెండోసారి ఐదో అధ్యాయంలో. ఇప్పుడు డైసీ పక్కనే, చేయి పట్టుకునేంత దగ్గరగా ఉంది. పొగమంచు లేకపోతే నీ ఇంటి రేవు చివర రాత్రంతా వెలిగే పచ్చదీపం ఇక్కడికి కనిపించేది అంటాడు గాట్స్‌బీ. అంటూనే ఆగిపోతాడు. ఆ దీపానికి ఇన్నాళ్లూ ఉన్న మహత్తు ఆ క్షణంలో పోయిందని, అతని మంత్రవస్తువుల లెక్కలో ఒకటి తగ్గిందని నిక్ గమనిస్తాడు. కోరుకున్న మనిషి దొరికిన క్షణంలో అతనికి నష్టం కనిపించింది! నేను చెప్పిన ఆధారం ఇదే. మూడోసారి చివరి పేజీలో, గాట్స్‌బీ చనిపోయాక. ఇప్పుడు దీపాన్ని తలచుకుంటున్నది నిక్. తొలిసారి ఈ తీరాన్ని చూసిన డచ్చి నావికుల కళ్లకు ఈ నేల ఎంత పచ్చగా కనిపించి ఉంటుందో ఊహించి, ఆ పచ్చదనాన్ని రేవు చివరి దీపంతో కలుపుతాడు. అడవిని కొట్టేసిన చోటే గాట్స్‌బీ ఇల్లు లేచిందని కూడా అంటాడు.

మూడు సన్నివేశాల్లో దీపం ఒక్కటే. తెలియనివాడికి అది వింత, ప్రేమికుడికి పూజావస్తువు, తర్వాత మామూలు దీపం, చివరికి బతికి ఉన్నవాడికి ఒక దేశచరిత్ర. డైసీకి అది ఏమిటో గమనించారా? ఏమీ కాదు. తన ఇంటి రేవు దీపం. ‘ఆకుపచ్చ అంటే ఆశ’ అన్న పట్టికలో ఈ కదలిక ఎక్కడ పడుతుంది?

ఇప్పుడు డాక్టర్ టి.జె. ఎకిల్‌బర్గ్ కళ్లు. బూడిద లోయ మీద ఒక కళ్లడాక్టరు ఎప్పుడో పెట్టించి వదిలేసిన ప్రకటన అది. ముఖం లేదు, ముక్కు లేదు, గజం ఎత్తు నీలికళ్లు, పసుపు కళ్లద్దాలు. ఇవి దేవుడి కళ్లని మా గైడు ఖరారు చేసింది. ఎనిమిదో అధ్యాయం తెరిచి చూడండి. భార్య చనిపోయిన రాత్రి జార్జ్ విల్సన్ ఆ కళ్లవైపు చూస్తూ, దేవుడు అన్నీ చూస్తాడు అంటాడు. పక్కనున్న మైకేలిస్ ఏమంటాడు? అది ప్రకటన బోర్డు అంటాడు. ప్రతీక అనేది ఎలా పుడుతుందో ఫిట్జ్‌జెరాల్డ్ రెండు వాక్యాల్లో మన ముందే జరిపి చూపించాడు. చర్చి లేని, ఓదార్చే బంధువు లేని మనిషికి ఆ రాత్రి ఒక దేవుడు అవసరమయ్యాడు, ఎదురుగా ఉన్నది బోర్డు. కాబట్టి ‘ఈ కళ్లు దేవుడు’ అని రాయకండి. ‘విల్సన్ ఈ కళ్లను దేవుణ్ణి చేసుకున్నాడు’ అని రాయండి. ఆ తేడాలోనే నవల ఉంది.

చిన్న వస్తువులు కొన్ని ఉన్నాయి. విందులో గుడ్లగూబ కళ్లద్దాల మనిషి గాట్స్‌బీ గ్రంథాలయంలో పుస్తకాలు నిజమైనవేనని ఆశ్చర్యపోతాడు, కానీ పేజీలు కత్తిరించలేదంటాడు. ఈ తరానికి ఇది అర్థం కాకపోవచ్చు. అప్పట్లో చాలా పుస్తకాలు మడతలు విప్పకుండా కుట్టి వచ్చేవి, చదివేవారు చాకుతో అంచులు కోసుకోవాలి. కోయలేదంటే చదవలేదని. నకిలీ అట్టలు పెట్టే అల్పుడు కాదు గాట్స్‌బీ, నిజమైనవే కొన్నాడు, అక్కడితో ఆగాడు. ఐదో అధ్యాయంలో డైసీ ఎదురుగా నిలబడి గాట్స్‌బీ వెనక్కి తల ఆనిస్తే పక్కకు ఒరిగే గడియారం అప్పటికే ఆగిపోయినది. అతను పట్టుకున్నాడు, పగల్లేదు, అయినా పగిలిందనే ఆ క్షణంలో ముగ్గురూ అనుకున్నారు. ఇలాంటి చోట వ్యాఖ్యానం తగ్గించి సన్నివేశాన్ని ఉన్నదున్నట్లు చెప్పడమే మేలు.

రంగుల విషయంలో ఒక్క సలహా: పువ్వుతో మొదలుపెట్టండి. డైసీ పువ్వుకు రేకులు తెలుపు, నడుమ పసుపు. డైసీ తెల్లబట్టల్లో పరిచయమవుతుంది. ఆమె గొంతులో డబ్బు నిండి ఉందని గాట్స్‌బీయే ఏడో అధ్యాయంలో అంటాడు. మిగతాది మీరే వెతకండి.

ఆరో మెట్టు: ఇతివృత్తాన్ని వాక్యంగా రాయండి

‘ప్రేమ’, ‘సంపద’, ‘అమెరికన్ స్వప్నం’ అనేవి శీర్షికలు. ఇతివృత్తం కావాలంటే క్రియ కావాలి. నవల ప్రేమ గురించి ఏమంటోంది? సంపద గురించి ఏమంటోంది?

అందులోనూ ‘అమెరికన్ స్వప్నం’ విషయంలో చాలా వ్యాసాలు గుడ్డిగా నడుస్తాయి. ఆ పదబంధం నవలలో ఎక్కడా లేదు. దాన్ని జనంలోకి తెచ్చింది జేమ్స్ ట్రస్లో ఆడమ్స్ 1931లో రాసిన పుస్తకం, అంటే గాట్స్‌బీ వచ్చిన ఆరేళ్లకు. వాడకూడదని కాదు, వాడితే ఎవరి కల, ఏ కల అని తేల్చాలి. కష్టపడితే పైకి వస్తాం అన్నది జిమ్మీ దినచర్యలోని కల. చదువుకోవాలి, వ్యాయామం చేయాలి, డబ్బు ఆదా చేయాలి. పెద్దయ్యాక అతన్ని కోటీశ్వరుణ్ణి చేసింది ఆ దినచర్య కాదు, దొంగసారా. ఆ ధనంతో కూడా అతను నీటిపాయ దాటి ఈస్ట్ ఎగ్ మనిషి కాలేకపోయాడు. ఈ మూడు వాక్యాలు కలిపితే ఒక ఇతివృత్తం వస్తుంది: పైకెక్కే మెట్లున్నాయని చెప్పే సమాజం, చివరి మెట్టు దగ్గర పుట్టుకను అడుగుతుంది. దీన్ని సమర్థించడానికి ఆధారాలున్నాయి, ఎదిరించడానికీ ఉన్నాయి. మంచి ఇతివృత్త వాక్యం లక్షణం అదే.

ఇంకొకటి గతం గురించి, ఇంకొకటి అజాగ్రత్త గురించి మీరే తయారుచేయండి. టామ్, డైసీలు వస్తువులనూ మనుషులనూ పగలగొట్టి, తమ డబ్బులోకి వెనుదిరిగి, ఊడ్చే పని ఇతరులకు వదిలేసే మనుషులని నిక్ చివర్లో అంటాడు. ఆ ఊడ్చే ‘ఇతరులు’ నవలలో ఎవరెవరో జాబితా రాస్తే సగం వ్యాసం సిద్ధం.

ఏడో మెట్టు: పేరా కట్టడం

చేతికందిన వాక్యం ఇలా ఉంటుంది: ‘పచ్చదీపం గాట్స్‌బీ ఆశకు ప్రతీక.’ దీన్ని బాగుచేద్దాం. ఎవరు చూస్తున్నారో చేర్చండి, ఎప్పుడో చేర్చండి, ఏం మారిందో చేర్చండి. ‘ఇన్నాళ్లూ దూరంనుంచి చూసిన పచ్చదీపం, డైసీ పక్కన నిలబడిన రోజున గాట్స్‌బీకి మామూలు దీపమైపోతుంది. అతను ప్రేమించినది ఆ దూరాన్ని కూడా అని ఆ ఒక్క క్షణం బయటపెడుతుంది.’ ఇక్కడ ఒప్పుకోనివారు వాదించడానికి చోటుంది. డైసీని చూసి అతను ఆనందంతో వెలిగిపోయాడని నిక్ అదే అధ్యాయంలో అంటాడు కదా అని అడగవచ్చు. ఆ అభ్యంతరాన్ని మీరే పేరాలోకి తెచ్చి జవాబివ్వండి. రచయిత జీవితాన్ని మాత్రం కొంచెమే వాడండి. అచ్చయినప్పుడు పుస్తకం అనుకున్నంత అమ్ముడుపోలేదని, 1940 డిసెంబరులో ఫిట్జ్‌జెరాల్డ్ చనిపోయే నాటికి రెండో ముద్రణ ప్రతులు ఇంకా గోదాములో ఉన్నాయని, యుద్ధకాలంలో సైనికులకు ఉచితంగా పంచిన చిన్న ప్రతులతో మళ్లీ పాఠకుల్లోకి వెళ్లిందని చెప్పడం ఆసక్తిగానే ఉంటుంది. కానీ దానితో పచ్చదీపం అర్థం మారదు.

పద్ధతి చేతికి వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక అభ్యాసం. ఏ గైడులోనూ నాకు కనిపించని దీపం ఇంకొకటి ఉంది. ప్రమాదం జరిగిన రాత్రి గాట్స్‌బీ బ్యుకానన్ల ఇంటి బయట చీకట్లో కాపలా ఉంటాడు. టామ్ ఏదైనా అఘాయిత్యం చేస్తే డైసీ తన గదిలో దీపం ఆర్పి మళ్లీ వెలిగిస్తుందని ఒప్పందం. నిక్ వెళ్లి వంటగది పక్క కిటికీలోంచి తొంగి చూస్తే, భార్యాభర్తలు చల్లారిన వేయించిన కోడి ముక్కలు ముందు పెట్టుకుని మెల్లగా మాట్లాడుకుంటూ ఉంటారు. గాట్స్‌బీకి ఇది తెలియదు. తెల్లవారుజామున నాలుగింటి దాకా ఎదురుచూస్తాడు. డైసీ కిటికీ దగ్గరికి వచ్చి ఒక నిమిషం నిలబడి, దీపం ఆర్పేస్తుంది. మళ్లీ వెలిగించదు. ఏడో అధ్యాయం చివరి పేజీ, ఎనిమిదో అధ్యాయం మొదటి పేజీ పక్కపక్కన పెట్టుకుని, ఈ దీపాన్ని ఎవరెవరు చూశారో, ఎవరికి ఏమని కనిపించిందో, ఆర్పిన మనిషికి బయట ఎవరో ఉన్నారని గుర్తుందో లేదో ఒక పేజీ రాయండి.